తొమ్మిదో తరగతి మునిగిన రోజు

ఆవిడ సైన్స్ టీచర్. పిల్లలు మధ్యలో ఒక అక్షరం ఇరికించి సైలెన్స్ టీచర్ అన్నారు. ఆ పుణ్యం మొదట ఎవరు కట్టుకున్నారో తెలియదు, వాళ్ళ పిల్లలే ఇప్పుడు ఏ బళ్ళోనో చదువుతూ ఉంటారు. పేరు మాత్రం ఒక బ్యాచి చేతిలోంచి ఇంకో బ్యాచి చేతిలోకి చెక్కుచెదరకుండా వచ్చింది. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. తెలిసి కోపం రాలేదు సరికదా, లోలోపల కాస్త గర్వంగానే ఉండేది.

గర్వం ఊరికే రాలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆవిడకి నోట్లో వేలు పెట్టినా కొరకడం రాదు. పిల్లలకి ఆ వాసన ఇట్టే తగిలింది. ఆవిడ బోర్డు వైపు తిరగ్గానే తరగతి మొత్తం నోరు మూసుకుని, ముక్కుతో "మ్మ్‌మ్" అని మూలిగేది. తిరిగి చూస్తే అందరి పెదాలూ బిగించే ఉండేవి. ఎవరిని దండించాలి? ముక్కుల్ని పట్టుకుని నిలదీయలేం కదా. ఆవిడ స్టాఫ్ రూములో కూర్చుని ఏడ్చింది. అప్పుడొక ముసలి టీచరమ్మ వచ్చి, "చూడమ్మా, చదువు తర్వాత. ముందు వాళ్ళ నోళ్ళు మూయించు" అని మంత్రోపదేశం చేసింది. శిష్యురాలు గురువుని మించిపోయింది. నోళ్ళే కాదు, ముక్కులు కూడా మూయించింది.

అప్పటినుంచి ఆవిడ క్లాసులో చీమ చిటుక్కుమన్నా వినపడేది. నిజం చెప్పాలంటే చీమకి కూడా అంత ధైర్యం ఉండేది కాదు. ఆవిడ చెప్పేది, పిల్లలు రాసుకునేవారు. సందేహాలేమైనా ఉన్నాయా అని పాఠం చివర అడిగేది గానీ, అడిగే తీరు చూస్తే ఉన్నవాడు కూడా లేవనే అనేవాడు. పరీక్షల్లో మార్కులు బాగానే వచ్చేవి. అందుకే పదో తరగతి సైన్స్ ఆవిడ చేతి నుంచి ఎవరూ తీసుకోలేదు. ప్రతిసారీ తన తొమ్మిదో తరగతిని వెంటబెట్టుకుని పదికి వెళ్ళేది, వాళ్ళని గట్టెక్కించి మళ్ళీ తొమ్మిదికి దిగివచ్చేది. ఆ బళ్ళో పది చెప్పే వాళ్ళకి కొన్ని మర్యాదలుండేవి. స్టాఫ్ రూములో ఫ్యాను కింద కుర్చీ వాళ్ళది, లాబు తాళంచెవి వాళ్ళది, తల్లిదండ్రుల మీటింగులో మొదటి నమస్కారం వాళ్ళది. ఇవన్నీ పోతే తనకి మిగిలేదేమిటో ఆవిడ ఎన్నడూ ఆలోచించలేదు.

ఆలోచించే రోజు ఒక ఉత్తర్వు రూపంలో వచ్చింది.

హెడ్మిస్ట్రెస్ అందరినీ పిలిచి కళ్ళజోడు సర్దుకుని చదివింది. ఇకమీదట తరగతి గదిలో విద్యార్థుల నిమగ్నతను కొలుస్తారట. చదవడం అయ్యాక ఎవరూ మాట్లాడలేదు. ఆ మాటకి అర్థమేమిటో అడిగితే తమకి తెలియదని బయటపడుతుంది కదా. చివరికి తెలుగు మాస్టారే గొంతు సవరించుకున్నారు.

"నిమగ్నం అంటే మునగడమండీ."

"అంటే పిల్లల్ని ముంచాలా?" అంది హెడ్మిస్ట్రెస్.

"ఆ పని ఇన్నాళ్ళూ చేస్తూనే ఉన్నాం కదండీ. ఇప్పుడు కొలుస్తారన్నమాట."

అందరూ నవ్వారు. హెడ్మిస్ట్రెస్ నవ్వలేదు, ఆవిడకి పైనుంచి నవ్వమని ఉత్తర్వు రాలేదు. ఆ రోజు మొదలు స్టాఫ్ రూములో పలకరింపులే మారిపోయాయి. "మీ ఎనిమిదో తరగతి ఎంతవరకు మునిగింది?" అని ఒకరడిగితే, "మోకాళ్ళ దాకా వచ్చిందండీ, వచ్చే వారానికి కొంప మునుగుతుంది" అని ఇంకొకరు జవాబు చెప్పేవారు.

కొలత ఎలాగంటే, పరిశీలకుడొకడు వచ్చి వెనక బెంచీలో కూర్చుంటాడు. అతని మెడలో తాడుకి వేలాడుతూ బొటనవేలంత మిషను ఉంటుంది. పిల్లలెవరైనా ప్రశ్న అడిగినా, జవాబు చెప్పినా మీట నొక్కుతాడు. టిక్కుమంటుంది, అంకె ఒకటి పెరుగుతుంది. ఎన్ని టిక్కులు పడితే పిల్లలు అంత లోతుకి మునిగినట్టు. వచ్చే ఏడు పదో తరగతి సైన్స్ ఎవరికివ్వాలన్నది కూడా ఆ టిక్కులే తేలుస్తాయని హెడ్మిస్ట్రెస్ ప్రకటించింది. సైలెన్స్ టీచర్ గుండెలో రాయి పడింది. ఎవరి క్లాసులో చప్పుడు లేకపోవడమే గొప్ప అనిపించుకుందో, ఆ మనిషికే ఇప్పుడు చప్పుడు కావాలి.

పోటీ ఉన్నది ఒక్కడితోనే. పక్క సెక్షన్‌కి సైన్స్ చెప్పే కుర్ర మాస్టారు. అతన్ని చప్పట్ల మాస్టారు అంటారు. ఎవరు ఏ జవాబు చెప్పినా "ఏదీ, గట్టిగా ఒక్కసారి!" అని చప్పట్లు కొట్టిస్తాడు. తప్పు చెప్పినవాడికి ప్రయత్నించినందుకు కొట్టిస్తాడు. ఎవరూ చెప్పకపోతే నిజాయితీకి కొట్టిస్తాడు.

పరిశీలకుడు ముందుగా అతని క్లాసుకే వెళ్ళాడు. సైలెన్స్ టీచర్ పక్కగదిలో పిల్లలకి రాతపని ఇచ్చి, గోడకి ఆనుకుని నిలబడింది. అలా నిలబడటం తప్పే, కానీ చెవులున్నది ఎందుకు?

"పిల్లలూ, గ్లాసులో ఉన్నవి ఏమిటి?"

"నీళ్ళు సార్!"

టిక్కు.

"నీళ్ళు తడిగా ఉంటాయా, పొడిగా ఉంటాయా?"

"తడిగా సార్!"

టిక్కు టిక్కు. చప్పట్లు.

పిల్లలు వెర్రివాళ్ళు కారు. పాఠం ఎన్నాళ్ళకీ అర్థం కాదేమో గానీ, టిక్కు సంగతి క్షణంలో అర్థమైపోయింది. ఒకడు లేచి, "సార్, నేనో డౌటు అడగొచ్చా?" అన్నాడు. టిక్కు. "అడుగు నాన్నా." "మర్చిపోయా సార్." టిక్కు. తర్వాత ఇంకొకడు లేచి, వాడు మర్చిపోయినది ఏమిటని అడిగాడు. దానికీ టిక్కే. గంట కొట్టేసరికి ఆ క్లాసు పాతాళం దాకా మునిగింది. గ్లాసులో నీళ్ళు మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

ఆ సాయంత్రం ఆవిడ ఇంట్లో గిన్నెలు కాస్త గట్టిగానే మోగాయి. భర్త రైల్వే స్టేషన్లో ఎనౌన్సర్. పగలంతా మైకులో మాట్లాడి, ఇంటికొచ్చాక నోరు దాచుకునే మనిషి. వాళ్ళ సంసారం సవ్యంగా సాగడానికి అదే కారణమని తెలిసినవాళ్ళు అంటారు.

"ఏమండీ, మీరింత కాలంగా మాట్లాడుతున్నారు కదా, జనం వింటారా?" అంది ఆవిడ.

"వినరు."

"ఒక్కరూ వినరా?"

"రైలు టైముకొస్తే నా గొంతు ఎవడికి కావాలి? లేటయిందని చెప్పు, స్టేషన్ స్టేషనంతా చెవులు రిక్కిస్తుంది. ఎందుకు లేటు, ఎంత లేటు, ఎక్కడ ఆగింది అని నా గది కిటికీ దగ్గరికి వచ్చి మరీ అడుగుతారు."

"అయితే నేనేం చెయ్యాలంటారు?"

"నాకేం తెలుసే? రైళ్ళ సంగతి చెప్పాను." ఆయన ఆ రోజుకి తన వాటా మాటలు అయిపోయినట్టు పడక్కుర్చీలో వెనక్కి వాలాడు.

మర్నాడు ఆవిడ తొమ్మిదో తరగతికి వెళ్ళి, పుస్తకాలు మూయించి, "మాట్లాడండి" అంది.

ఎవరూ మాట్లాడలేదు. ఇందులో ఏదో వల ఉందని పిల్లలు అనుకున్నారు. ఏడాదంతా నోరెత్తితే గోడ పక్కన నిలబెట్టిన మనిషి ఇప్పుడు మాట్లాడమంటే ఎవడు నమ్ముతాడు? ముందు బెంచీ కుర్రాడు ముందుజాగ్రత్తగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"మాట్లాడతారా లేదా? మాట్లాడకపోతే ఒక్కొక్కళ్ళనీ బయట నిలబెడతా!"

ఆ మాటతో ఉన్న కాస్త గుసగుసా పోయింది. ఇలా లాభం లేదని ఆవిడ తనకి తెలిసిన దారికే వచ్చింది. ప్రశ్నలు తనే తయారుచేసి, జవాబులు కూడా తనే తయారుచేసి పిల్లలకి పంచిపెట్టి బట్టీ పట్టించింది. ఎవరు ఎప్పుడు లేవాలో, ఎవరు చెయ్యి ఎత్తాలో, ఎవరు తల గోక్కోవాలో అన్నీ నేర్పింది.

"నాలుగో బెంచీ, నీకు సందేహం రెండో పేరా అయ్యాక రావాలి. ఇప్పుడే వచ్చేస్తే ఎలా? కూర్చో. ఆఖరి బెంచీ పొడుగమ్మాయ్, నీది చెక్కముక్క ప్రశ్న. ఆశ్చర్యంగా అడగాలి. ఏదీ, ఆశ్చర్యపడు చూద్దాం."

పొడుగమ్మాయి కళ్ళు పెద్దవి చేసింది. చాలదంది టీచర్. ఇంకాస్త పెద్దవి చేసింది. ఆ పిల్ల మార్కుల్లో ముందూ కాదు, అల్లరిలో ముందూ కాదు. ఏడాదిలో ఆవిడ ఆ పిల్ల గొంతు విన్నది హాజరు పిలిచినప్పుడే.

పరిశీలకుడు రానే వచ్చాడు. మంచి ఇస్త్రీ చొక్కా, మెడలో మిషను. పాఠం తేలడం, మునగడం గురించి. ఆవిడ మొదటి పేరా చెప్పింది. మొదటి సందేహం టైముకే వచ్చింది. టిక్కు. నాలుగో బెంచీ రెండో పేరా దాకా ఉగ్గబట్టుకుని కూర్చుని, అది అవ్వగానే ఒక్క ఉదుటున లేచింది. టిక్కు. బండి పట్టాల మీద పడిందని ఆవిడ ఊపిరి పీల్చుకుంది. అప్పుడు చెక్కముక్క వంతు వచ్చింది.

పొడుగమ్మాయి లేచి నిలబడింది. కళ్ళు పెద్దవి చేసింది. నోరు మాత్రం విప్పలేదు.

"అడుగమ్మా, నీకేదో సందేహం ఉన్నట్టుందే?" అంది ఆవిడ, గొంతులో తేనె కలిపి.

"అంటే... చెక్క ఎందుకు తేలుతుందో నాకు తెలుసు టీచర్. మీరే నిన్న నేర్పించారుగా. తెలిసింది ఎందుకడగడం? తెలీనిది ఒకటుంది, అది అడగనా?"

పరిశీలకుడు తలెత్తాడు. గుట్టు రట్టయింది, పది పోయింది, ఫ్యాను కింద కుర్చీ పోయింది. ఆవిడకి ఆ ఒక్క క్షణంలో ఏడుపూ కోపమూ రెండూ వచ్చి, ఏది ముందు బయటికి రావాలో తేలక ఆగిపోయాయి. నిండా మునిగాక చలేమిటి అనుకుంది.

"అడుగు."

"త్రాసు మీద గిన్నెతో నీళ్ళు పెట్టి, రెండో పక్క సరిగ్గా సరిపోయే బరువు పెట్టామనుకోండి. ఇప్పుడు ఆ నీళ్ళలో నా వేలు ముంచాను. గిన్నె అడుగుకి తగలనివ్వను, అంచుకీ తగలనివ్వను. నీళ్ళలో వేలు ఉంటుందంతే. త్రాసు కదులుతుందా, కదలదా?"

ఆ ప్రశ్న ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు, ఆవిడ కూడా తనని తాను అడగలేదు.

"కదలదు" అన్నాడు వెనకనుంచి పరిశీలకుడు. అతని ఉద్యోగంలో మాట్లాడకూడదు, కానీ నోరు జారింది. "వేలు నీ చేతికుంది, నీ బరువు నీ కాళ్ళ మీదుంది. త్రాసుకేం సంబంధం?"

"నీళ్ళు పైకి లేస్తాయి కదా సార్?" అన్నాడు ముందు బెంచీ కుర్రాడు, నోటికి అడ్డం పెట్టిన చెయ్యి తీసేసి.

"లేస్తే? కొత్తగా నీళ్ళు పోశామా?"

"పొయ్యకపోయినా కదుల్తుంది సార్!"

"కదలదురా, బుద్ధుందా?"

గది రెండు పక్షాలైంది. కదులుతుందనేవాళ్ళు కిటికీ వైపు, కదలదనేవాళ్ళు తలుపు వైపు. బెంచీల మీదికెక్కి మరీ వాదించుకుంటున్నారు. సైలెన్స్ అన్న మాట ఆవిడ గొంతుదాకా వచ్చింది. అది ఎప్పుడూ దానంతటదే బయటికి వచ్చే మాట. ఈసారి ఆవిడ దాన్ని మింగేసి, లాబు తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది.

"త్రాసు పట్రండి."

త్రాసు వచ్చింది, గాజు గిన్నె వచ్చింది, నీళ్ళు వచ్చాయి. రెండు పళ్ళేలూ సమంగా నిలిచాక పొడుగమ్మాయి వేలు ముంచింది. నీళ్ళ పళ్ళెం మెల్లగా కిందికి దిగింది. కిటికీ పక్షం పైకప్పు ఎగిరిపోయేలా కేకలు పెట్టింది.

"అడుగుకి తగిలించావు!" అంటూ పరిశీలకుడు ముందుకొచ్చేశాడు. ఇస్త్రీ చొక్కా చేతులు మడిచాడు. ఉద్యోగరీత్యా అందరి క్లాసుల్లోనూ వేలు పెట్టినవాడు, మొట్టమొదటిసారి నీళ్ళలో పెట్టాడు. పళ్ళెం దిగింది.

"నా చెయ్యి వణికింది" అన్నాడు. "చెయ్యితో కాదు, దేన్నైనా తాడుకి వేలాడదీసి ముంచాలి. అప్పుడు చూద్దాం." అటూ ఇటూ చూశాడు. తాడున్న వస్తువు ఆ గదిలో ఒక్కటే ఉంది. మెడలోంచి మిషను తీసి, తాడు పట్టుకుని, నిమగ్నతను కొలిచే ఆ యంత్రాన్ని తన చేత్తోనే నీళ్ళలో నిమగ్నం చేశాడు.

పళ్ళెం మళ్ళీ దిగింది. ఇక అతనికి సాకులు దొరకలేదు.

"ఎందుకు మేడమ్?" అని ఆవిడ వైపు తిరిగాడు, అచ్చం తొమ్మిదో తరగతి కుర్రాడిలాగే.

ఆవిడ పళ్ళెం వైపు చూస్తూ ఉండిపోయింది. నీళ్ళు వస్తువుని పైకి తోస్తాయని ఇన్నేళ్ళూ చెప్పింది, రాయించింది, మార్కులేసింది. తోసేవాడు కాళ్ళు దేనిమీద ఆనిస్తాడన్నది ఎన్నడూ తట్టలేదు. "నీళ్ళు వేలిని పైకి తోస్తున్నాయి" అంది నెమ్మదిగా, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. "అయితే వేలు..."

"వేలు నీళ్ళని కిందికి తోస్తోంది టీచర్!" అన్నాయి పది గొంతులు ఒకేసారి. ఎవరూ ఎవరికీ పంచిపెట్టని జవాబు అది. ఆవిడ ఉద్యోగంలో చేరాక ఇంత సంతోషం ఎన్నడూ ఎరగదు.

గంట కొట్టారు. ఒక్కరూ లేవలేదు. కాసేపటికి తలుపు దగ్గర హెడ్మిస్ట్రెస్ ప్రత్యక్షమైంది. నేలంతా నీళ్ళు, బెంచీల మీద పిల్లలు, మోచేతి దాకా తడిసిన పరిశీలకుడు, వాళ్ళ మధ్య నవ్వుతున్న సైలెన్స్ టీచర్.

"సైలెన్స్!" అని అరిచింది హెడ్మిస్ట్రెస్.

పరిశీలకుడు వెళ్ళే ముందు స్టాఫ్ రూముకి వచ్చి నిలబడ్డాడు. చేతిలో మిషను ఉంది. లోపలికి నీళ్ళు పోయి అంకె మాయమైంది. ఎంత నొక్కినా టిక్కు లేదు.

"మేడమ్, మిషను చూపించిన అంకే వెయ్యాలి. ఇందులో ఏమీ లేదు."

"మీరు కళ్ళారా చూశారు కదండీ?"

"చూడటమేంటి మేడమ్, నేను మీ క్లాసులో కూర్చున్నాను. ఇంత బాగా నేను బళ్ళో ఎప్పుడూ కూర్చోలేదు." అతని మొహంలో నిజంగానే బాధ ఉంది. "కానీ అది రాయడానికి మా కాగితంలో గడి లేదు. అదుపు ఉందా లేదా అన్న గడి ఉంది. హెడ్మిస్ట్రెస్ గారు పక్కనే నిలబడి, లేదని వేయించారు."

నోళ్ళు మూయించడంలో ఆ బళ్ళో సాటిలేని మనిషి క్లాసులో అదుపు లేదని కాగితం మీదికెక్కింది. తెలుగు మాస్టారు పరామర్శకి వచ్చి, "మీ క్లాసు నిజంగా మునిగిందండీ, అదే వచ్చిన చిక్కు" అన్నారు. ఆయన నవ్విద్దామనే అన్నారు. ఆవిడకి నవ్వు రాలేదు.

వారం తిరక్కుండానే నిర్ణయం వచ్చింది. వచ్చే ఏడు పదో తరగతి రెండు సెక్షన్లూ చప్పట్ల మాస్టారివి. ఆవిడకి ఆరో తరగతి. పిల్లలకి సెలవుల తర్వాత చెబుతారట. ఆవిడ తాళంచెవి ఇచ్చేసింది, ఫ్యాను కింద నుంచి కుర్చీ జరిపేసుకుంది. కుర్చీ పోయినందుకు ఏడుస్తానేమోనని భయపడింది గానీ, విచిత్రంగా అంత బాధనిపించలేదు. బాధ వేరే చోట ఉంది. ఏడాది పొడుగునా రోజూ చూసిన ఆ పిల్లలు ఆవిడకి పరిచయమైంది ఆ ఒక్క గంటలోనే. ఇప్పుడు వాళ్ళు వెళ్ళిపోతున్నారు.

సెలవులకి ముందు చివరి రోజు సాయంత్రం, గేటు దగ్గర పొడుగమ్మాయి కనిపించింది. బస్సు కోసం సంచీ భుజాన వేసుకుని నిలబడి ఉంది.

"అలాంటి ప్రశ్నలు నీ దగ్గర ఇంకా ఉన్నాయా?" అంది ఆవిడ.

"బోలెడున్నాయి టీచర్."

"మరి ఏడాదంతా ఒక్కటీ అడగలేదేం?"

ఆ పిల్ల ఇందులో అడగడానికేముంది అన్నట్టు చూసింది. కోపమూ లేదు, ఎత్తిపొడుపూ లేదు. "మీ క్లాసులో అడక్కూడదు కదా టీచర్."

ఆవిడ ఆ పిల్లకి ఇంకాస్త దగ్గరికి జరిగింది. "ఇప్పుడు అడుగు. ఏదో ఒకటి. ఇక్కడే అడుగు."

"అయ్యో, బస్సొచ్చేసింది, కదిలిపోతోంది టీచర్! వచ్చే ఏడు అడుగుతాలెండి, అన్నీ గుర్తు పెట్టుకుంటా. పదికి మీరేగా మాకు!"

పొడుగమ్మాయి పరుగెత్తి మెట్టెక్కింది. "ఆగమ్మా!" అని ఆవిడ పిలిచింది. మళ్ళీ ఇంకాస్త గట్టిగా పిలిచింది. సెలవులొచ్చిన ఆనందంలో బస్సు నిండా పిల్లలు గోలగోలగా అరుస్తున్నారు. ఆ గోలలో ఆవిడ గొంతు ఒక్కరికీ వినిపించలేదు.